పన్ను చిన్నదే, బిల్లు పెద్దది: పంటి వైద్యం ఖర్చు గురించి మన యువతతో కొన్ని మాటలు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా సంఘం యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

  

ఆగస్టు 9న మనం సాధారణంగా భూమి గురించి, భాష గురించి, పోడు పట్టాల గురించి, నిర్వాసితుల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడవలసినవే. ఈసారి మాకు అప్పగించిన అంశం పళ్లు. "పళ్ల గురించి సభలో ఏం మాట్లాడతారు?" అని కొందరు నవ్వారు. కానీ ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో ఎవరి ఇంట్లో పంటి నొప్పితో రాత్రంతా కూర్చున్న మనిషి లేరో చెయ్యెత్తమంటే ఒక్క చెయ్యి కూడా లేవదని మా నమ్మకం.

ఇది మన ఒక్కరి బాధ కాదు. ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక చెబుతోంది. అంటే ఇంచుమించు ప్రతి ఇద్దరిలో ఒకరికి. అయినా జ్వరానికి ఉన్న మర్యాద పంటి నొప్పికి లేదు. జ్వరమొస్తే ఆసుపత్రికి వెళ్తాం. పన్ను నొప్పి పెడితే లవంగం పెడతాం, మెడికల్ షాపులో బిళ్ల కొంటాం, సంతలో పీకేవాడి దగ్గర కూర్చుంటాం. దానికి కారణం తెలియకపోవడం ఒకటే కాదు, డబ్బు కూడా. అందుకే ఈరోజు బ్రష్ ఎలా పట్టుకోవాలో చెప్పడం లేదు. పంటి వైద్యానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడ రాదు, ఎక్కడ మోసపోతాం అన్న సంగతులు చెబుతాం.

రంధ్రం పెరిగే కొద్దీ ఖర్చు

పన్ను పుచ్చడం ఒక్కరోజులో జరగదు. ముందు పైపొర మీద చిన్న మచ్చ వస్తుంది. అప్పుడు నొప్పి ఉండదు. తర్వాత రంధ్రం పడుతుంది. చల్లనిది, తియ్యనిది తగిలితే జివ్వుమంటుంది. ఈ దశలో వెళ్తే సిమెంటు పెట్టి పంపిస్తారు. ఒక్కపూట పని. అప్పుడూ వెళ్లకపోతే పుచ్చు లోపలి నరం దాకా పోతుంది. అప్పుడు రూట్ కెనాల్, దాని మీద క్యాప్. మూడు నాలుగుసార్లు తిరగాలి. బస్సు ఛార్జీలు, పోయిన కూలి రోజులు కూడా లెక్కలోకి వస్తాయి. అప్పుడూ వెళ్లకపోతే చీము పడుతుంది, పన్ను పీకించాలి. పీకిన చోట పన్ను కట్టించుకోవాలంటే అది మరో ఖర్చు. కట్టించుకోకపోతే పక్క పళ్లు ఒరిగిపోతాయి, ఎదుటి పన్ను కిందికి దిగుతుంది, నమలడం తగ్గుతుంది.

మన పెద్దలు "గోటితో పోయేదానికి గొడ్డలి" అన్నారు. మొత్తం పంటి వైద్యం లెక్క ఆ ఒక్క మాటలో ఉంది. వందల్లో పోయేది వేలల్లోకి వెళ్తుంది.

ఒక జాగ్రత్త. దవడ కింద గట్టిగా వాచి, నోరు తెరవలేక, మింగలేక, ఊపిరి ఆడక, జ్వరంతో ఉంటే అది మామూలు పంటి నొప్పి కాదు. పంటి చీము మెడలోకి దిగితే ప్రాణం మీదకొస్తుంది. తెల్లారేదాకా ఆగకండి, డబ్బు చూసుకుందామని ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

బీమా అంటే ఏమిటి, పళ్లకు ఎందుకు దొరకదు

మన ఊళ్లో ఇల్లు కాలిపోతే ఏం చేస్తాం? ఊరంతా తలా ఒక గడ్డిమోపు, రెండు వెదుళ్లు ఇస్తారు. మళ్లీ ఇల్లు లేస్తుంది. అదే ఏటా కప్పు మార్చుకోవడానికి మాత్రం ఎవరి గడ్డి వాళ్లే కోసుకుంటారు. బీమా లెక్క కూడా ఇదే. ఎప్పుడో ఒకరికి వచ్చే పెద్ద నష్టాన్ని అందరూ కలిసి మోయడం బీమా. గుండె ఆపరేషన్ ఇల్లు కాలడం లాంటిది. పన్ను పుచ్చడం కప్పు మార్చడం లాంటిది. దాదాపు అందరికీ వస్తుంది, మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే బీమా కంపెనీలు దాన్ని పక్కన పెడతాయి, లేదా ఇంత వరకే అని గీత గీస్తాయి.

ఇది మన దేశం తీరు మాత్రమే కాదు. ఇంగ్లండులో 1948లో ప్రభుత్వ వైద్య సేవ మొదలైనప్పుడు పంటి వైద్యం కూడా ఉచితమే. జనం విరగబడి వచ్చారు. ఖర్చు తట్టుకోలేక 1951లో కట్టుడు పళ్లకు, 1952లో మిగతా పంటి వైద్యానికి రుసుము పెట్టారు. అమెరికాలో పళ్ల బీమాను ఆరోగ్య బీమాతో కలపకుండా వేరుగా అమ్ముతారు. అందులోనూ ఏడాదికి ఇంత వరకే ఇస్తామన్న పరిమితి ఉంటుంది. మీలో ఎవరైనా పై చదువులకు అక్కడికి వెళ్తే ఈ మాట గుర్తుంచుకోండి. వెళ్లే ముందే పళ్లు చూపించుకుని వెళ్లండి.

మన చేతిలో ఉన్న కార్డు

మన కుటుంబాల్లో ఎక్కువ మందికి ఉన్న రక్షణ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైంది ఇదే. ప్రభుత్వాలతో పాటు పేరు మారుతూ వచ్చింది. పేరు మారిందని కార్డు పనికిరాదని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సల కోసం. ప్రమాదంలో దవడ ఎముక విరగడం, నోటి క్యాన్సర్, పిల్లలకు పుట్టుకతో వచ్చే గ్రహణం మొర్రి లాంటివి దీని కిందికి వస్తాయి. రోజువారీ పంటి పని, అంటే సిమెంటు, క్లీనింగ్, క్యాప్, కట్టుడు పళ్లు కార్డు మీద అయిపోతాయనుకుని ఏ ప్రైవేటు క్లినిక్కుకూ వెళ్లకండి. కుర్చీలో కూర్చున్నాక బిల్లు చూసి బాధపడాల్సి వస్తుంది. ముందే 104కి ఫోన్ చేసి "ఈ చికిత్స వస్తుందా, ఏ ఆసుపత్రిలో వస్తుంది?" అని అడగండి. పథకం ఉన్న ప్రతి ఆసుపత్రిలో సహాయ కేంద్రం ఉంటుంది. ముందు అక్కడికి వెళ్లి, తర్వాత డాక్టరు దగ్గరకు వెళ్లండి. జాబితాలో ఉన్న చికిత్సకు కార్డు ఉండగా డబ్బు అడిగితే అదే 104కి ఫిర్యాదు చెయ్యండి.

ఇక్కడ ఒక వింత ఉంది, గమనించండి. చిన్న రంధ్రానికి కార్డు లేదు, దవడ కోసే ఆపరేషన్‌కు ఉంది. జబ్బు ముదిరితే గానీ డబ్బు రాదు. ఇది మార్చమని అడగడం మన హక్కు. మారేలోపు చిన్న రంధ్రం బాధ్యత మనమే చూసుకోవాలి.

ఉద్యోగం చేసేవాళ్లకు ఇ.ఎస్.ఐ.

మన కుర్రాళ్లు చాలామంది రాజమహేంద్రవరం, కాకినాడ, విశాఖ, హైదరాబాద్‌లలో షాపింగ్ మాల్స్‌లో, సెక్యూరిటీలో, ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నారు. పది మంది, అంతకు మించి పనిచేసే చోట నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే ఇ.ఎస్.ఐ. వర్తించాలి. ఇది 1948 నాటి చట్టంతో మొదలైంది. మీ జీతంలోంచి నూటికి 75 పైసలు కోస్తారు, యజమాని 3 రూపాయల 25 పైసలు కలపాలి. 15,000 జీతానికి మీ వాటా నెలకు 113 రూపాయలు. దానికి మీకు, మీ మీద ఆధారపడిన కుటుంబానికి వైద్యం ఉంటుంది. పంటి వైద్యం కూడా అందులో భాగమే. రాజమహేంద్రవరంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కూడా ఉంది.

మన పిల్లలు చేసే పొరపాటు ఏమిటంటే, జీతం చీటీలో "ఇ.ఎస్.ఐ." అని కోత ఉన్నా అది ఏమిటో అడగరు. నెలనెలా డబ్బు పోతుంది, వైద్యానికి మాత్రం ప్రైవేటుకు వెళ్తారు. మీ బీమా నంబరు అడిగి తీసుకోండి. తల్లిదండ్రుల పేర్లు, భార్యాబిడ్డల పేర్లు చేర్పించండి. కోత ఉండి నంబరు లేదంటే ఇ.ఎస్.ఐ. కార్యాలయంలో అడగండి.

అమ్మానాన్నల్లో ఎవరైనా ప్రభుత్వ ఉద్యోగి అయితే ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంటుంది. అందులో పంటి చికిత్సలకు వేరే ఆసుపత్రుల జాబితా ఉంది. టీచర్ల పిల్లలు ఇంట్లో ఆ కార్డు అడిగి చూడండి.

ప్రైవేటు పాలసీ కొనే ముందు

ఫోన్లో ఒక అమ్మాయి తియ్యగా మాట్లాడి "అన్నీ కవర్ అవుతాయి సార్" అంటుంది. కాగితం మీద మాత్రం అలా ఉండదు. మామూలు ఆరోగ్య పాలసీల్లో సాధారణంగా ప్రమాదంలో పళ్లు, దవడ దెబ్బతిని ఆసుపత్రిలో చేరితే డబ్బిస్తారు. క్లినిక్కుకు నడిచి వెళ్లి చేయించుకున్న సిమెంటుకు, రూట్ కెనాల్‌కు ఇవ్వరు. బయటి రోగి ఖర్చులు కూడా ఇచ్చే పాలసీలు కొన్ని ఉన్నాయి. వాటికి ప్రీమియం ఎక్కువ, ఇచ్చే మొత్తానికి పరిమితి ఉంటుంది. ఏడాదికి కట్టే అదనపు ప్రీమియం ఎంత, పళ్లకు గరిష్ఠంగా వచ్చేది ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన రాసుకోండి. మొదటిది రెండోదానికి దగ్గరగా ఉంటే ఆ డబ్బు పోస్టాఫీసులో వేసుకోవడమే మేలు.

ఏజెంటును నాలుగు ప్రశ్నలు అడగండి. ఆసుపత్రిలో చేరకుండా చేసే పంటి వైద్యం వస్తుందా? ఎన్ని నెలలు ఆగాలి? ఏడాదికి ఎంత వరకు? నేను ఎంత భరించాలి? నోటి మాట వద్దు, పాలసీ కాగితంలో ఎక్కడుందో చూపించమనండి. "మినహాయింపులు" అన్న పేజీ ముందు చదవండి. అమ్మేవాడు మాట తప్పితే బీమా నియంత్రణ సంస్థ నంబరు 155255కి ఫిర్యాదు చెయ్యొచ్చు.

పళ్ల కోసం పాలసీ కొనొద్దంటున్నాం గానీ, బీమానే వద్దనడం లేదు. ఇల్లు కాలే లాంటి కష్టాలకు బీమా కావాలి. కప్పు మార్చుకోవడానికి పొదుపు కావాలి.

తక్కువ ఖర్చుతో ఎక్కడికి వెళ్లాలి

మొదటి మెట్టు ప్రభుత్వ ఆసుపత్రి. దంత వైద్యుడు ఉన్న సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో, ఏరియా ఆసుపత్రుల్లో ఓ.పి. చీటీతో పన్ను చూస్తారు. రాజమహేంద్రవరం, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రులు పెద్దవి. ఏ రోజుల్లో, ఏ వేళల్లో దంత వైద్యులు ఉంటారో కనుక్కుని బయల్దేరండి. కొండ మీది నుంచి దిగి వచ్చి తాళం చూసి వెళ్లడం కన్నా ఒక ఫోను నయం.

రెండో మెట్టు దంత వైద్య కళాశాలలు. ఈ విషయంలో మన గోదావరి ప్రాంతం అదృష్టవంతమైనది. రాజమహేంద్రవరం దగ్గర జి.ఎస్.ఎల్., లెనోరా, భీమవరంలో విష్ణు, ఏలూరులో సెయింట్ జోసెఫ్ దంత కళాశాలలున్నాయి. ప్రభుత్వ దంత కళాశాల విజయవాడలో ఉంది. కళాశాలల్లో విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు. విడి క్లినిక్కులతో పోలిస్తే సాధారణంగా ఖర్చు తక్కువ, సమయం ఎక్కువ. ఒక పన్నుకు నాలుగుసార్లు రమ్మనవచ్చు. హాస్టల్లో ఉండి చదువుకునే మీకు ఆ సమయం ఉంది. కొండ మీదికి వెళ్లిపోయాక ఉండదు. చదువు పూర్తయ్యేలోపు పళ్ల పని పూర్తి చేసుకోండి.

మూడో మెట్టు ప్రైవేటు క్లినిక్కు. వెళ్లాల్సి వస్తే కుర్చీ ఎక్కే ముందే అడగండి. మొత్తం ఎంత అవుతుంది? అందులో ఎక్స్‌రే, మందులు, క్యాప్ ఉన్నాయా? ఎన్నిసార్లు రావాలి? ఇంతకన్నా తక్కువ ఖర్చు మార్గం ఉందా? ఈరోజే చెయ్యకపోతే ఏమవుతుంది? అడగడం అమర్యాద కాదు. మంచి డాక్టరు కాగితం మీద రాసిస్తారు. బిల్లు తీసుకోండి. బోర్డు మీద బి.డి.ఎస్. అని, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. సంతలో, రోడ్డు పక్కన పన్ను పీకేవాళ్ల దగ్గర సూదులు, పట్టకార్లు ఎంత శుభ్రమో ఎవరికీ తెలియదు. అక్కడ మిగిలే వంద రూపాయలు కామెర్ల రూపంలో పది రెట్లు తిరిగి తీసుకుంటాయి.

అప్పు అనే రెండో జబ్బు

లెక్క చూద్దాం. ఒక పన్నుకు 6,000 అయిందనుకోండి. చేతిలో లేక అయిదు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు 300. జీడిమామిడి పంట వచ్చేదాకా పది నెలలు ఆగితే 3,000 వడ్డీ. ఇరవై నెలలు ఆగితే వడ్డీయే 6,000. ఒక పన్నుకు రెండు పళ్ల డబ్బు కట్టినట్టు. పైగా పంట ఆ సావుకారికే, ఆయన చెప్పిన ధరకే వెయ్యాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలని 1960 నాటి రెగ్యులేషన్ ఉంది. అది కాగితం మీద ఉంది, మన అవసరం మాత్రం ఆ రాత్రి నొప్పిలో ఉంటుంది.

క్లినిక్కుల్లో "నెలవారీ వాయిదాలు, వడ్డీ లేదు" అని ఫైనాన్స్ కంపెనీలు కూర్చుంటాయి. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, వాయిదా తప్పితే జరిమానా ఎంత అని అడగకుండా ఫోన్లో ఓ.టి.పి. చెప్పకండి. రేపు బ్యాంకులో చదువు లోను అడిగినప్పుడు ఆ వాయిదాలే అడ్డొస్తాయి.

దానికన్నా అమ్మవాళ్ల డ్వాక్రా సంఘం నయం. ఇంకా నయం, ముందే దాచుకోవడం. ఇరవై ఇళ్లు నెలకు 50 రూపాయల చొప్పున వేసుకుంటే ఏడాదికి 12,000. ఆ డబ్బును నోటి వైద్యానికే అని కట్టడి చేసుకుని, వడ్డీ లేకుండా ఇచ్చి, పంట మీద తిరిగి కట్టించుకుంటే అదే మన ఊరి బీమా. పుస్తకం రాసే పని చదువుకున్న మీది.

చుట్ట, గుట్కా, ఒక నిజం

కోస్తా ఆంధ్రలో అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం, ముఖ్యంగా ఆడవాళ్లలో ఉందని మీకు తెలుసు. దీని మీద శ్రీకాకుళం వైపు పది వేల మందికి పైగా గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఒక అధ్యయనం ప్రచురించారు. అంగిలి మీద వచ్చే మార్పులకు, ఈ అలవాటుకు ఉన్న సంబంధాన్ని అది ప్రపంచానికి చూపింది. మన అమ్మమ్మల చుట్టలకు ఇప్పుడు మన వయసు కుర్రాళ్ల గుట్కా, ఖైనీ తోడయ్యాయి.

నోట్లో రెండు వారాలైనా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం, కారం తగిలితే మంట, ఇవి కనిపిస్తే వెంటనే చూపించండి. క్యాన్సర్ చికిత్సకు కార్డు ఉంది. కానీ కార్డు ఆపరేషన్ ఖర్చు ఇస్తుంది, పోయిన దవడను ఇవ్వదు. ఇంటికి వెళ్లాక అమ్మమ్మను, తాతయ్యను వెలుతురులో కూర్చోబెట్టి ఒకసారి నోరు తెరవమనండి. సెల్‌ఫోన్ లైటు చాలు. దానికి రూపాయి ఖర్చు లేదు.

వేపపుల్ల మానెయ్యమని మేము అనం. అది మన సంప్రదాయం, పళ్లు తోమడం నేర్పింది అదే. దానితో పాటు ఫ్లోరైడ్ ఉన్న పేస్టు కూడా రాత్రి పడుకునే ముందు వాడమంటున్నాం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడ్ పేస్టును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అన్ని బీమాలకన్నా చవక బీమా అదే. బొగ్గుపొడి, ఇటుకపొడి మాత్రం మానండి, పైపొర అరిగిపోతుంది.

ఆశ్రమ పాఠశాలల పిల్లలు

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నడుస్తోంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ పాఠశాలల్లో వైద్య బృందాలు పరీక్ష చేయాలి. ఆ పరీక్షలో పిప్పిపళ్లు కూడా ఉన్నాయి. జబ్బు కనిపిస్తే పై ఆసుపత్రికి పంపి ఉచితంగా చికిత్స ఇప్పించాలి. మీ తమ్ముడు, చెల్లి చదివే ఆశ్రమ పాఠశాలకు బృందం వచ్చిందా, కార్డులో పళ్ల సంగతి రాశారా అని హెచ్.ఎం.ను మర్యాదగా అడగండి. రాకపోతే ఐ.టి.డి.ఏ.లో వినతిపత్రం ఇవ్వండి. రంపచోడవరం, చింతూరు, కోట రామచంద్రపురం మూడు చోట్లా మన సంఘం మీ వెంట వస్తుంది.

ఇతర దేశాల ఆదివాసీలు ఏం సాధించారు

కెనడాలో నమోదైన ఆదివాసీ తెగలకు, ఇన్యూట్ ప్రజలకు ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక ఆరోగ్య పథకంలో పంటి వైద్యం కూడా ఉంది. అలాస్కాలో మంచు దారుల చివర ఉండే ఆదివాసీ గ్రామాలకు దంత వైద్యులు వెళ్లేవారు కాదు. 2000 దశకం మొదట్లో అక్కడి ఆదివాసీ ఆరోగ్య సంస్థలు తమ యువతనే న్యూజిలాండ్‌కు పంపి శిక్షణ ఇప్పించాయి. వాళ్లు తిరిగొచ్చి తమ ఊళ్లలోనే సిమెంటు పెట్టడం, పళ్లు పీకడం మొదలుపెట్టారు. డాక్టర్ల సంఘం కోర్టుకు వెళ్లింది. అయినా ఆ పని ఆగలేదు.

బయటి మనిషి రాకపోతే మన మనిషే తయారు కావాలన్నది ఆ కథ. ఈ రాష్ట్రంలో బి.డి.ఎస్. సీట్లలో మనకు 6 శాతం రిజర్వేషన్ ఉంది. నీట్ రాసే పిల్లలు ఎం.బి.బి.ఎస్. రాలేదని కుంగిపోకుండా బి.డి.ఎస్. వైపు చూడండి. మన భాషలో "ఎక్కడ నొప్పి?" అని అడిగే డాక్టరు ఒక్కరుంటే మన ముసలివాళ్లు భయపడకుండా నోరు తెరుస్తారు.

చివరగా మీ నుంచి కోరేది మూడు పనులు. ఈ నెలలోనే మీ నోరు ఒకసారి చూపించుకోండి. ఇంట్లో ఏ కార్డు ఉందో, దేనికి పనికొస్తుందో ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి, కింద 104, 108 నంబర్లు వెయ్యండి. మీ ఊళ్లో పది ఇళ్లతోనైనా నోటి వైద్యం పొదుపు మొదలుపెట్టి, వచ్చే ఆగస్టు 9న పుస్తకం పట్టుకుని రండి. ఆ పుస్తకాలు ఈ వేదిక మీదే చదువుదాం.